అయిదు కోసుల కాలువ

మా దవాఖాన దూలాలకు చెదలు పట్టాయని ఈ వారం తారు కాచి పూయిస్తున్నాం. వరండా చివర మూడు రాళ్ల పొయ్యి మీద డబ్బాలో తారు ఉడుకుతుంటే ఆ ఘాటు వాసన మందుల గదిలోకి, రోగుల గదిలోకి, చివరికి నేను తినే జొన్నరొట్టెలోకి కూడా దూరింది. అందరూ ముక్కులు మూసుకుంటున్నారు. నేను మాత్రం నిన్న మధ్యాహ్నం ఆ డబ్బా పక్కనే చాలాసేపు నిలబడిపోయాను. నిలబడింది నారాయణఖేడ్ ఎండలోనే గాని, నా కాళ్ల కింద ఫ్రాన్సు దేశపు బురద గట్టు ఉంది. పక్కన అడుగున తారు పూసిన పడవ ఉంది. నా ముందు మల్లప్ప వీపు ఉంది. ఆ వీపునే చూస్తూ నేను రెండు పగళ్లు నడిచాను. ముప్పై ఏళ్లు దాటినా అది కళ్ల ముందు నుంచి పోలేదు.

మల్లప్పది మనూరు. ముప్పై ఎకరాల నల్లరేగడి, రెండు జతల ఎడ్లు, చావడిలో మాట చెల్లే ఇల్లు. నాది నారాయణఖేడ్‌లో క్రైస్తవుల వాడ. మా అయ్య కూలికి పోయేవాడు, అమ్మ మిషన్ బంగ్లా ఊడ్చేది. నేను మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివి, అక్కడి దొరసాని దగ్గర కట్లు కట్టడం కొంచెం నేర్చుకున్నాను. జర్మనీ లడాయి మొదలైన ఏడు సికింద్రాబాదు దండులో డోలీవాలాలను తీసుకుంటున్నారని విని నడుచుకుంటూ పోయాను. డోలీవాలా అంటే లడాయిలో దెబ్బతిన్నవాళ్లను మోసేవాడు. వాడికి తుపాకీ ఉండదు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. వరుసలో నా ముందు నిలబడ్డ మనిషి రుమాలు చుట్టిన తీరు చూసి మా దిక్కువాడేనని పోల్చుకుని మాట కలిపాను. మనూరు పటేలని తెలియగానే అలవాటుగా రెండడుగులు వెనక్కి జరిగాను. అంత భూమి ఉన్న మనిషి మోతకూలీల వరుసలో ఎందుకు నిలబడ్డాడో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేదు.

ఓడలో కూడా మా ఇద్దరి మధ్య ఆ రెండడుగులు అలాగే ఉన్నాయి. ఆయనకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. నల్లగా, ఎముకలు పెద్దవిగా, మెడ కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. తన చెంబు తన దగ్గరే పెట్టుకునేవాడు, తన నీళ్లు తానే తెచ్చుకునేవాడు. నేను పటేలా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను సామేలూ అనేవాడు. మనూరు కన్నడ పొలిమేర కదా, మనసు మంచిగా ఉన్నప్పుడు మాత్రం ‘తమ్మా’ అనేవాడు. పదిమందిని నడిపించడం తెలిసిన మనిషని గుర్తించి ఫ్రాన్సులో దిగగానే ఆయనను మా జట్టుకు మేటును చేశారు.

మాకు ఇచ్చింది ఒక పాత బొగ్గు పడవ. ఆ దేశంలో ఊరికీ ఊరికీ మధ్య కాలువలు తవ్వి, వాటి మీద పడవల్లో బొగ్గు, ధాన్యం తోలుకుంటారు. మా పడవను కడిగి, లోపల సున్నం వేసి, ముప్పై మంచాలు పరిచారు. ముందు ఒక చిన్న ఆవిరి పడవ దాన్ని తాడుతో లాగేది. తొడ ఎముక విరిగినవాళ్లను, రొమ్ములో గుండు దిగినవాళ్లను, రోడ్డు కుదుపులకు తట్టుకోలేనివాళ్లను అందులో పడుకోబెట్టి, సముద్రపు రేవులోని పెద్ద దవాఖానకు చేర్చడం మా పని. గట్టు మీద బుట్ట పట్టుకుని పోయే ముసలమ్మ కూడా మమ్మల్ని దాటి వెళ్లిపోయేది. అంత నెమ్మది.

మేం చేరినప్పుడు గట్ల మీది పొడవాటి చెట్లు మోడుల్లా ఉన్నాయి. మూడు నాలుగు వారాల్లో వాటి కొనలు చిలకపచ్చగా మారాయి. తర్వాత తోటల్లో ఆపిల్ చెట్లు ఆకు కనిపించకుండా తెల్లగా పూశాయి. మా దిక్కున చెట్టు పూసిందంటే ఎండలు ముదిరాయని లెక్క. అక్కడ చెట్టు పూసినప్పుడు కూడా నోట్లోంచి పొగ వచ్చేంత చలి. కాలువ ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్లు మా పడవను చూసి, లోపల ఏముందో తెలిసి, చేతిలో పని ఆపి లేచి నిలబడేవారు. ఎక్కడో ఫిరంగుల మోత వినిపిస్తూనే ఉండేది. కాలువలో నీళ్లు మాత్రం కదిలేవి కావు. నేల ఎత్తుపల్లాలున్న చోట లాకులు కట్టారు. అంటే రెండు పెద్ద తలుపుల మధ్య పడవను ఆపి, నీళ్లు నింపి గాని, వదిలి గాని, దాన్ని పైకెత్తడమో కిందికి దించడమో చేస్తారు. ఆ నీళ్లు నిండేదాకా అందరూ ఊరికే నిలబడాల్సిందే.

ఆ ఊరికే నిలబడటమే నాకు చేతనయ్యేది కాదు. ఒకసారి లాకు దగ్గర ఒక సిపాయి పళ్లు కొరుకుతూ మూలుగుతుంటే ఓర్చుకోలేక, ఇంత మెల్లగా పోతే మనిషి దారిలోనే పోడా అని మల్లప్పను అడిగేశాను. ఆయన ఆ సిపాయి ముఖమే చూస్తూ జవాబిచ్చాడు.

“జల్దీ పోతే నీ పరేషాన్ తక్కువైతది తమ్మా. ఆయన నొప్పి ఎక్కువైతది. ఎవరి కోసం వచ్చినవ్ నువ్వు?”

డోలీ ఎత్తడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఎత్తేముందు పడుకున్నవాడి ముఖం చూడాలి. వాడు శ్వాస వదిలే క్షణం కోసం ఆగాలి. అప్పుడు మోకాళ్ల మీద లేవాలి, నడుము మీద కాదు. నలుగురూ ఒకే అడుగు వేస్తే డోలీ ఉయ్యాలలా ఊగుతుంది, అందుకని అడుగులు కలవకుండా నడవాలి. తప్పు చేసినవాణ్ణి ఆయన తిట్టేవాడు కాదు. డోలీ దింపించి, మళ్లీ మొదటి నుంచి ఎత్తించేవాడు. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించేది.

చెట్లన్నీ ఆకు తొడిగిన రోజుల్లో ఒక ఉదయం ముప్పై మందితో బయలుదేరాం. వాళ్లలో ఒక గఢ్వాలీ సిపాయి ఉన్నాడు. నా వయసువాడే. కుడి తొడ రెండు ముక్కలైంది. కర్రబద్దలు వేసి కట్టారు, కానీ మంచం అంచుకు కాలు తగిలినా వాడి ముఖం బూడిద రంగుకు తిరిగేది. దారి సగమైందో లేదో, ముందున్న ఆవిరి పడవ బాయిలరు పగిలింది. ఇంకో పడవ రావాలంటే మూడు రోజులు పడుతుందన్నారు. రేవు ఇంకా అయిదు కోసులుంది, అంటే పది మైళ్లు. మా పడవ మీద ఉన్న కప్తాన్ డాక్టరు మంచివాడే. ఆయనకు చాలా రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. గట్టు వెంట పోయే రోడ్డు మీదికి మోటారు లారీలు తెప్పించి అందరినీ ఎక్కించమన్నాడు. అది రాళ్లు పరిచిన రోడ్డు. ఫిరంగి బళ్లు తిరిగి తిరిగి గుంటలు పడి ఉంది.

మల్లప్ప డాక్టరు ముందుకు పోయి నిలబడ్డాడు. లారీలు వద్దని, పడవను తామే తాడు కట్టి లాగుతామని దక్కనీ ఉర్దూలో చెప్పాడు. పడవలో కట్లు కట్టే పంజాబీ డ్రెస్సరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. డోలీవాలా కప్తానుకు ఎదురు చెప్పడమంటే చిన్న సంగతి కాదు. బెల్టుతో కొట్టి కొట్లో వేసినా అడిగేవాడు లేడు. నీకేం తెలుసని అలా అంటున్నావని డాక్టరు అడిగాడు. మల్లప్ప అంతవరకు ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాడు. బావి పూడిక తీస్తుంటే ఆయన తమ్ముడు జారిపడి తొడ విరగ్గొట్టుకున్నాడట. బీదరు దవాఖానకు బండిలో వేసుకుని పోయాడట.

“నా ఎడ్లు జాతరల ఎప్పుడు ఉరికినా మొదటొచ్చేటియి సాబ్. గా దినం ఇంకా జల్దీ ఉరికించిన. బీదరు కోట కనబడంగ ఎనక్కి చూస్తే పానం పోయింది. ఎముక ఇరిగినందుకు గాదు, ఎడ్లను నేను కొట్టిన దెబ్బలకే సచ్చిండు.”

డ్రెస్సరు దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. డాక్టరు కాలువ వైపు తిరిగి, ఇంత పడవను మనుషులు ఎలా లాగుతారన్నాడు. మల్లప్ప అవతలి గట్టు చూపించాడు. అక్కడ ఒక ముసలమ్మ, ఆమె కోడలు కాబోలు ఒక పడుచు, రొమ్ముకు పట్టీలు వేసుకుని మా పడవంత పడవను లాగుకుంటూ వస్తున్నారు. మగవాళ్లు లడాయికి పోయి ఉంటారు. గుర్రాలనూ పటాలాలు పట్టుకుపోయాయి. వాళ్లిద్దరు, మేం పదిమందిమి అన్నాడు మల్లప్ప. డాక్టరు ఒప్పుకున్నాడు గాని షరతు పెట్టాడు. రేపు పొద్దు గూకేలోపు రేవు చేరాలి. చేతులకో, చెంపకో దెబ్బ తగిలి కూర్చోగలిగిన ముగ్గురు లారీలో పోతారు. మిగతా ఇరవై ఏడుగురికి ఏం జరిగినా దానికి మేటుదే జవాబు.

మేం పదిమందిమీ తాడు భుజాన వేసుకుని ఒక్కసారిగా గుంజాం. పడవ కొండలా నిలబడింది. మళ్లీ గుంజాం. ముసలమ్మ తన పడవ ఆపి, మేం అప్పటికే దాటొచ్చిన లాకు తలుపు మీది నడవ దాటి మా గట్టుకు వచ్చింది. ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు. మల్లప్ప భుజం మీది తాడు తీసేసి, గోనెపట్టతో పట్టీ చేసి రొమ్ముకు అడ్డంగా వేసింది. ఆయన వీపు మీద అరచెయ్యి పెట్టి ముందుకు వంచింది. గుంజొద్దు, ఒరిగి నిలబడమని చూపించింది. దూస్మా, దూస్మా అని ఒకే మాట పదే పదే అంది. మేం అందరం ఒరిగి నిలబడ్డాం. ఎంతసేపని చెప్పను, నా ఊపిరి నాకే వినిపించేంత సేపు. అప్పుడు బెత్తెడు కదిలింది. తర్వాత మూరెడు. కదిలిన పడవ ఇంక ఆగదు. ముసలమ్మ తన కోడలి దగ్గరికి తిరిగిపోయింది. దూస్మా అంటే మెల్లగా అని తర్వాత డ్రెస్సరు చెప్పాడు.

మధ్యాహ్నానికి మా దారిలో మొదటి లాకు వచ్చింది. దాన్ని చూడగానే నాకు ఉత్సాహం పుట్టి, వెనక నుంచి అడుగు పెంచాను. నా ఊపుకు మిగతావాళ్లూ పెంచారు. లాకు దగ్గర మేం ఆగాం గాని పడవ ఆగలేదు. మూసి ఉన్న తలుపు మీదికి పోతోంది. అది తగిలితే ఇరవై ఏడు మంచాలూ అదురుతాయి. మల్లప్ప పట్టీ విడిపించుకుని, తాడు చివర పట్టుకుని పరుగెత్తి, ఒడ్డునున్న మొద్దుకు మూడు చుట్లు చుట్టి ఆపాడు. తాడు ఆయన అరచేతుల్లోంచి ఒరుసుకుంటూ పోయింది. పడవ తలుపుకు జానెడు దూరంలో నిలిచింది. ఆయన చేతులు విప్పి చూస్తే తోలు లేదు.

నేనే కట్లు కట్టాను. తప్పు నాదేనని చెప్పాను. ఆయన తెలుసన్నట్టు తల ఊపాడు. “ఇప్పటికెళ్లి నా ఎనకనే ఉండు. నా వీపు జూసి నడువు” అన్నాడు. కాసేపటికి దాహమైంది ఆయనకు. చెంబు నడుముకే వేలాడుతోంది, కానీ కట్టు కట్టిన చేతులతో విప్పలేకపోయాడు. నేను విప్పబోయి ఆగాను. నేను ముడితే అది ఆయనకు మళ్లీ పనికిరాదు. ఆయన నా ముఖం చూసి, నా సీసా చూపించాడు. నేను ఎత్తి పోస్తే తాగాడు. పటేలా, చాలా అని అడిగాను.

“పటేల్ మనూరుల ఉన్నడు. ఈడ అన్న అను” అన్నాడు.

చీకటి పడుతుండగా పడవను కట్టేశాం. తెల్లవారి మళ్లీ పట్టీలు వేసుకుంటుంటే డ్రెస్సరు పైకొచ్చి, రొమ్ములో గుండు దిగిన ముసలి హవల్దారు చనిపోయాడని చెప్పాడు. మేం పదిమందిమీ గట్టు మీద కూలబడ్డాం. లారీలో పంపి ఉంటే ఈపాటికి రేవు దవాఖానలో ఉండేవాడు కదా అని ఒకడన్నాడు. మల్లప్ప లోపలికి పోయి ఆ హవల్దారు పక్కన కొంతసేపు కూర్చుని వచ్చాడు. ఆయన ముఖం ఒక్క రాత్రిలో పీక్కుపోయినట్టుంది. అన్నా, లారీలో పోతే బతికేవాడా అని నేను మెల్లగా అడిగాను. లేదని చెప్తాడనుకున్నాను. చెప్తే బాగుండుననుకున్నాను.

“తెల్వదు తమ్మా. బతికేటోడో ఏమో. గది నా మీదనే ఉంటది.” పట్టీని మోచేతులతో ఎత్తి రొమ్ముకు వేసుకున్నాడు. “లోపల ఇంక ఇరవై ఆరుగురు ఉన్నరు. లే.”

లేచాం. ఆ రోజంతా ఎదురుగాలి. ఆపిల్ పూలు రాలి నీళ్ల మీద తెట్టు కట్టాయి. మా పడవ వాటిని చీల్చుకుంటూ పోయేది. చూడటానికి అందంగానే ఉండి ఉంటుంది, నేను మాత్రం మల్లప్ప వీపు తప్ప ఏమీ చూడలేదు. ఆయన చొక్కా పట్టీ కింద చిరిగింది. ఆయన ఒక్కసారి కూడా అడుగు పెంచలేదు, ఒక్కసారి కూడా తగ్గించలేదు. రెండో లాకు దగ్గర ఆయన ఏమీ చెప్పకుండానే అందరం ముందే నెమ్మదించాం. తాడు చుట్టింది నేను. పడవ తలుపును తాకకుండా ఆగింది. సూర్యుడు ఇంకా గిడ్డంగుల పైకప్పుల మీద ఉండగానే రేవు చేరాం. డాక్టరు తన సిగరెట్ల డబ్బా మల్లప్ప చేతిలో పెట్టాడు. తాగే అలవాటు లేని మల్లప్ప దాన్ని మాకు పంచాడు.

గఢ్వాలీ సిపాయిని దింపుతుంటే వాడు మల్లప్ప చొక్కా అంచు పట్టుకుని వదలలేదు. రేవు దవాఖాన మనుషులు వచ్చి వాడి వేళ్లు మెల్లగా విడిపించి తీసుకుపోయారు. వాడు బతుకుతాడా, కాలు నిలుస్తుందా అని నేను అడిగాను. “మన చేతులకెళ్లి పానంతోని దిగిండు” అన్నాడు మల్లప్ప. “ఇగ గా దవాఖానోళ్ల చేతుల ఉన్నడు. మనం పోయి మంచాలు కడుగుదాం పా.” వాడి సంగతి మాకు మళ్లీ తెలియలేదు.

ఆ ఏడాది చివర మల్లప్పను ఇంటికి పంపేశారు. నేను ఇంకో మూడేళ్లకు తిరిగొచ్చి మిషన్ దవాఖానలో కంపౌండరుగా చేరాను. మనూరు దూరం కాదు, అయినా నేను ఆయనను చూడబోలేదు. అక్కడ కాలువ గట్టు మీద అన్న అనిపించుకున్నవాడు ఇక్కడ ఊరి నడుమ ఏమంటాడో చూడాలని నాకు లేదు. చూడకపోతే కనీసం ఆ గట్టు నాకు మిగులుతుంది.

ఒక వానాకాలం సాయంత్రం ఆయనే వచ్చాడు. ఎనిమిది మంది మంచం మోసుకొస్తున్నారు. మంచం మీద గొర్రెల కాపరి, తొడ విరిగినవాడు. కాలికి వెదురు బద్దలు సరిగ్గా కట్టి ఉన్నాయి. ఇంట్లో బండి, ఎడ్లు ఉండి కూడా పొద్దుటి నుంచి నడిచే వచ్చారట. అడుగులు కలవకుండా నడుస్తూ, గుంట వచ్చినప్పుడల్లా ఆ ఎనిమిది మందీ దూసుమా, దూసుమా అంటున్నారు. అదేదో దేవుడి పేరని వాళ్లనుకుంటున్నారని తర్వాత తెలిసింది. మల్లప్ప వాళ్లకు చెప్పనూ లేదు, మాన్పించనూ లేదు.

కాపరిని లోపల పడుకోబెట్టాక ఆయన వరండాలో కూర్చుని, “సామేలూ, నీళ్లియ్యి” అన్నాడు. ఆయన వెంట వచ్చిన దాయాది, ఎదురుగా మన వాళ్ల బావి ఉంది, అక్కడ తాగుదాం లెమ్మన్నాడు. నేను లోటా చేత్తో పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాను. వెనక్కి పోదామనే అనుకున్నాను.

“నువ్వు బాయి కాడికి పో” అన్నాడు మల్లప్ప ఆయనతో. “నాకు గింత దూరం నడిచే ఓపిక లేదు. మా తమ్ముడు ఇస్తుండు, తాగుత.”

అందరూ చూస్తుండగా తాగాడు. అది ఊరికే పోలేదు. రెండేళ్ల పాటు ఆయన ఇంటి శుభకార్యాలకు కులపోళ్లు రాలేదు. చావడిలో ఆయన మాట చెల్లడం మానేసింది. ఆ సంగతి నాకు వేరేవాళ్లు చెప్పారు గాని ఆయన ఎన్నడూ చెప్పలేదు. మంచాలు మోసుకురావడమూ మానలేదు. కాపరి కొంచెం కుంటుతూ మళ్లీ గొర్రెల వెంట పోయాడు. ఆరేళ్ల కిందట మల్లప్ప జ్వరంతో పోయాడు. నాకు కబురు అందేసరికి సమాధి మట్టి కూడా ఆరిపోయింది.

ఈ దవాఖానలో మేం చేయగలిగింది తక్కువ. కష్టమైనవాళ్లను బీదరుకో హైదరాబాదుకో పంపుతాం. పోయినవాళ్లలో సగంమంది ఏమయ్యారో నాకు ఎప్పటికీ తెలియదు. వయసులో ఉన్నప్పుడు అది నన్ను తొలిచేది. ఇప్పుడు నా వంతు దారి ఎక్కడిదాకానో తెలుసుకుని, అక్కడిదాకా ఏ లోపమూ లేకుండా నడుస్తాను. మొన్న బోరంచ నుంచి తెచ్చిన ఒకామెను బీదరు పంపాల్సి వచ్చింది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, ఈ వయసులో మీరెందుకు, పిలగాళ్లు మోస్తారు గదా అంది. నేను మంచం తల వైపు పట్టుకుని వాగు దాకా నడిచాను. నీళ్లు మోకాళ్ల లోతున ఉన్నాయి. ఆమె శ్వాస వదిలేదాకా ఆగి దిగాం. అవతలి ఒడ్డున బీదరు మనుషులు ఎదురొచ్చారు. మంచం నాలుగు కోళ్లూ వాళ్ల చేతుల్లో గట్టిగా పడ్డాయని చూసుకున్నాక, అప్పుడు వదిలాను.